దురదయు నిద్రయు

(ప్రసంగ పాఠము)

రాత్రి ప్రసారములు ముగిసినవి. రేడియో కట్టివేసి, దీపములార్పి, ఇంటిల్లిపాదియు పరుండిరి. అర్ధరాత్రి దాటిన పిమ్మట చీకటిలో ఒక చప్పుడు మొదలగును. చాపను గోటితో గీచినట్టి చప్పుడు. పక్కలోని పిల్లవాడు మోచేతి మడతను, మోకాలి వెనుకను గోకికొనుచున్నాడు. తల్లి లేచి, "గోకకురా నాన్నా, రక్తం వస్తుంది" అనును. పిల్లవాడు చేయి తీయును. పది నిమిషములకు చప్పుడు మరల మొదలగును. తెల్లవారుసరికి దుప్పటిపై నెత్తుటి మరకలు కనబడును. తల్లికి తలనొప్పి. పిల్లవాడు బడిలో బల్లమీద తలవాల్చి నిద్రపోవును. ఉపాధ్యాయుడు వానిని సోమరి యనును.

ఎగ్జిమా అను చర్మవ్యాధి యున్న యిండ్లలో ఇది నిత్యము జరుగు కథ. వ్యాధి యొక్కరిది, నిద్ర పోగొట్టుకొనువారు ఇద్దరు, ముగ్గురు. పగటివేళ డాక్టరుగారికి చర్మమును చూపుదుము గాని, రాత్రి సంగతి చెప్పుట మరచుచుందుము. ఈ ప్రసంగమున చెప్పదలచిన ముఖ్యవిషయ మొక్కటే. రాత్రి దురదను రాత్రివేళ మందలింపుతో ఆపలేము. దానిని సాయంకాలముననే ఎదుర్కొనవలెను.

మొదట రోగమును గుర్తించుట అవసరము. మన ఊళ్లలో దురద పుట్టించు ప్రతి చర్మరోగమునకును గజ్జి యనియో, తామర యనియో పేరు పెట్టుట వాడుక. గజ్జి, తామర, ఎగ్జిమా - ఈ మూడును వేరువేరు. గజ్జి కంటికి ఆనని చిన్న పురుగు చర్మములో దూరుటవలన వచ్చును. ఆ దురదయు రాత్రివేళనే హెచ్చును. వ్రేళ్ల సందులలో, మణికట్టులయొద్ద, బొడ్డు చుట్టును చిన్న పొక్కులు లేచును. ఇంటిలో ఒకరినుండి ఒకరికి అంటుకొనును. దానికి ఇంటిలోనివారందరును ఒకేసారి మందు పూసికొనవలెను. తామర బూజు జాతికి చెందిన సూక్ష్మజీవివలన కలుగును. అంచు ఎత్తుగా, నడుమ కొంత తేటగా, వలయమువలె వ్యాపించును. ఎగ్జిమా యన్ననో పురుగువలన గాని, బూజువలన గాని పుట్టునది కాదు. అది అంటువ్యాధి కాదు. ఎగ్జిమా యున్న పిల్లవానిని పక్కన కూర్చుండబెట్టుకొనుటకును, తోడిపిల్లలతో ఆడనిచ్చుటకును ఎవ్వరును జంకవలసిన పనిలేదు.

ఎగ్జిమాలోను పెక్కు రకములు కలవు. ఉబ్బసము, ఎడతెగని తుమ్ములు గల కుటుంబములలో హెచ్చుగా కనబడి, తరచుగా పసితనముననే మొదలగు రకమును గూర్చియే యిక్కడ ప్రస్తావన. దీనికి అటోపిక్ డెర్మటైటిస్ అని 1933లో అమెరికా వైద్యులు వైజ్, సల్జ్‌బర్గర్ అనువారు పేరు పెట్టిరి. పసిపిల్లలకు బుగ్గలపైనను, పెరిగినవారికి మోచేతి మడతలలోను, మోకాళ్ల వెనుకను, మెడపైనను ఇది తరచు కనబడును. పెద్దలలోను లేకపోలేదు.

మన చర్మపు పైపొరను ఇటుకగోడతో పోల్చవచ్చును. కణములు ఇటుకలు, వాటి నడుమనుండు కొవ్వుపదార్థము సున్నము. ఈ గోడ లోపలి తడిని బయటికి పోనీయదు. బయటి దుమ్మును, సబ్బును, సూక్ష్మజీవులను లోనికి రానీయదు. ఎగ్జిమా రోగులలో ఈ గోడ బీటలువారి యుండును. 2006లో స్కాట్లండులోని డండీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తమ సహచరులతో కలసి ఒక సంగతిని వెల్లడించిరి. చర్మమును గట్టిపరచు ఫిలాగ్రిన్ అను మాంసకృత్తు ఒకటి కలదు. దానిని తయారుచేయు జన్యువులో లోపమున్నవారికి ఈ వ్యాధి వచ్చు అవకాశము హెచ్చు. రోగులందరిలోను ఈ లోపము లేదు గాని, గోడ బలహీనమగుట మాత్రము అందరికిని సామాన్యమే. బీటలనుండి తడి ఆరిపోవును. చికాకు కలిగించు పదార్థములు లోనికి దిగును. శరీరరక్షణ వ్యవస్థ రెచ్చిపోయి చర్మము ఎర్రబడి వాచును. ఆ వాపునుండి వెలువడు రసాయనములు నరములను కదలించి దురద పుట్టించును.

గోకవలెనను కోరికను పుట్టించు అసౌఖ్యమే దురద యని జర్మను వైద్యుడు శామ్యూల్ హాఫెన్‌రెఫర్ 1660లోనే నిర్వచించెను. గోకిన క్షణమున సుఖముగానే యుండును. గోటివలన కలుగు కొద్దిపాటి నొప్పి, దురద వార్తను వెన్నుపాములోనే కొంతసేపు అణచివేయుటయే దానికి కారణము. కాని గోరు బీటలువారిన గోడను మరింత పగులగొట్టును. వాపు హెచ్చును, దురద రెట్టింపగును. దురద గోకుడును, గోకుడు దురదను పెంచును. ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట త్రెంచవలెను.

ఇక, దురద రాత్రివేళ ఏల హెచ్చును? దీనికి కారణములు నాలుగు చెప్పవచ్చును. మన శరీరములో ఒక గడియారము కలదు. వాపును అణచు కార్టిసోల్ అను హార్మోను ఉదయము హెచ్చుగా నుండి, సాయంకాలమునకు తగ్గి, అర్ధరాత్రి ప్రాంతమున మిక్కిలి తక్కువగును. ఇది మొదటి కారణము. నిద్రకు ముందు శరీరము తన లోపలి వేడిని చర్మము ద్వారా వెలికి పంపును. అందువలన చర్మమునకు రక్తప్రసారము హెచ్చి, చర్మము వెచ్చబడును. వెచ్చదనము దురదను పెంచును. ఇది రెండవది. రాత్రివేళ చర్మమునుండి తడి హెచ్చుగా ఆవిరియగుట మూడవది. పగలు ఆటయు, బడియు, పనియు మనస్సును లాగికొనును. చీకటిలో మనస్సునకు దురద తప్ప మరేమియు తోచదు. ఇది నాలుగవది.

మరియొక విషయము గమనింపదగినది. నిద్రలో గోకుట చాలవరకు తేలిక నిద్రలో జరుగుననియు, గాఢనిద్రలో తగ్గుననియు నిద్రను పరిశీలించిన వైద్యులు కనుగొనిరి. అనగా రోగి పూర్తిగా మేలుకొనకయే గోకికొనగలడు. ఉదయమున అతనికి జ్ఞాపకముండదు. నిద్రలోనున్న పిల్లవానిని గద్దించుట, వాని స్వాధీనములో లేని పనికి వానిని శిక్షించుటయే యగును. గద్దింపువలన కలుగు ఆందోళన దురదను పెంచును కూడ.

కావున సాయంకాలముననే పని మొదలుపెట్టవలెను. పరుండుటకు సుమారు ఒక గంట ముందు స్నానము చేయించుట మంచిది. నీరు గోరువెచ్చగా నుండవలెను. వేడినీళ్లు పోసికొన్నచో దురదకు హాయిగా తోచును గాని, ఆ హాయి గోకుటవలన కలుగు హాయివంటిదే. వెంటనే చర్మము మరింత ఎండును. 5 మొదలు 10 నిమిషముల స్నానము చాలును. ఘాటైన వాసన గల సబ్బులు పనికిరావు. మన యిండ్లలో సున్నిపిండితో నలుగు పెట్టుటయు, పీచుతో రుద్దుటయు ఆచారము. ఆరోగ్యముగా నున్న చర్మమునకు సరే గాని, బీటలువారిన చర్మమునకు ఆ రాపిడి కీడు చేయును. వేపాకు నూరిన ముద్దయు, పసుపును పుండుపడిన చర్మముపై మంట పుట్టింపవచ్చును. స్నానమైన పిమ్మట మెత్తని నూలుగుడ్డతో తడిని అద్దవలెనే గాని తుడువరాదు.

చర్మము పూర్తిగా ఆరకముందే, 3 నిమిషములలోపల, మెత్తదనమునిచ్చు లేపనమును పూయవలెను. పగిలిన గోడకు ఇది పైపూత. ఇది మందు కాదని చిన్నచూపు చూడరాదు. చికిత్సకు ఇదియే పునాది. ఖరీదైనదే కానక్కరలేదు. వాసనలేని తెల్లని వాసలైను మంచిది. కొబ్బరినూనెయు చాలమందికి సరిపడును. ఆవనూనె మాత్రము చర్మమునకు చికాకు కలిగింపవచ్చును. సంక్రాంతి చలిలో చిక్కని వాసలైను బాగుండును. కోస్తా జిల్లాల వేసవి ఉక్కలో అది చెమటను పట్టియుంచును గనుక, అప్పుడు పలుచని క్రీము మేలు. మనవారు చేయు పొరపాటు ఏమనగా, వ్రేలికొసతో కొద్దిగా అద్ది ఊరకుండుట. బ్రిటనులో నైస్ అను ఆరోగ్యసంస్థ 2007లో వెలువరించిన మార్గదర్శకములలో, పిల్లలకు ఇట్టి లేపనము వారమునకు 250 మొదలు 500 గ్రాములవరకు వాడవచ్చునని సూచించిరి. పూయునపుడు వెంట్రుకలు మొలచిన దిక్కుగా పైనుండి క్రిందికి రాయవలెను. ఒక హెచ్చరిక: ఇట్టి లేపనములు ఇంకిన బట్టలకు నిప్పు త్వరగా అంటుకొనును. దీపమునకు, పొయ్యికి దూరముగా నుండవలెను.

ఎర్రబడి వాచిన చోట్లకు లేపనమొక్కటియే చాలదు. అక్కడ డాక్టరుగారు వ్రాసియిచ్చిన స్టిరాయిడు మలాము వాడవలసియుండును. 1952లో సల్జ్‌బర్గర్, విట్టెన్ అను వైద్యులు హైడ్రోకార్టిసోనును పైపూతగా వాడి ఫలితమును చూపిన నాటినుండి ఈ వ్యాధి చికిత్స మారిపోయినది. ఐనను ఈ మందు విషయమున మనవారు రెండు తప్పులు చేయుచున్నారు. కొందరు స్టిరాయిడు అను పేరు వినగానే భయపడి, వ్రాసినదానిలో పదవవంతైనను పూయరు, వాపు తగ్గదు, రాత్రులు అట్లే గడచును. మరికొందరు చీటీ లేకుండ మందుల దుకాణములో, "దురదకి మంచి మందు ఇవ్వండి" అని యడిగి, ఘాటైన స్టిరాయిడు కలిసిన మలామును తెచ్చి నెలల తరబడి ముఖమునకును, గజ్జలకును పూయుదురు. చర్మము పలుచబడును, చారలు పడును. ఆ రోగము నిజమునకు తామర యైనచో, స్టిరాయిడు దాని రూపును మరుగుపరచి, మరింత వ్యాపింపజేయును. ఈ దుర్వినియోగమును అరికట్టుటకే 2018లో భారతప్రభుత్వము పలు స్టిరాయిడు పైపూత మందులను వైద్యుని చీటీపైననే అమ్మవలసిన మందుల పట్టికలో చేర్చినది.

ఐనచో ఎంత పూయవలెను? దీనికి సులభమైన కొలత యున్నది. బ్రిటిషు వైద్యులు లాంగ్, ఫిన్లే అనువారు 1991లో దానిని వివరించిరి. పెద్దవారి చూపుడువ్రేలి కొసనుండి మొదటి గీతవరకు, గొట్టమునుండి మలామును వరుసగా పిండవలెను. అది సుమారు అర గ్రాము. వ్రేళ్లతో సహా పెద్దవారి రెండు అరచేతుల వైశాల్యము గల చర్మమునకు అది సరిపోవును. రోజునకు ఎన్నిసార్లు, ఎన్ని దినములు, ముఖమునకు ఏ మందు, కాళ్లకు ఏ మందు అనునవి డాక్టరుగారే నిర్ణయింపవలెను. మందుకును మెత్తని లేపనమునకును నడుమ 20, 30 నిమిషముల వ్యవధి యుండుట మంచిది. లేనిచో మందు పలుచబడి చుట్టుప్రక్కలకు ప్రాకును.

ఇక పడక మాట. పక్కబట్టలు మెత్తని నూలువై యుండవలెను. పాత పంచెలు, ఉతికి ఉతికి మెత్తబడిన నూలుచీరలు దీనికి తగినవి. కంబళి చర్మమునకు నేరుగా తగులరాదు; క్రింద నూలుదుప్పటి యుండవలెను. బట్టలలో సబ్బు మిగిలిపోకుండ రెండుసార్లు జాడింపవలెను. గది చల్లగా, గాలి వచ్చునట్లు ఉండవలెను. వేసవిలో చెమటయే దురదకు మూలమగుచుండును గనుక, పరుండుటకు ముందు మంచినీళ్లతో ఒడలు కడిగి, మరల లేపనము పూయవచ్చును. గోళ్లు పొట్టిగా కత్తిరించి, అంచులు నునుపుగా అరగదీయవలెను. మంగళవారము, శుక్రవారము గోళ్లు తీయరాదనువారు ఆదివారము పగటివేళ తీయవచ్చును; వారమున కొకసారి తీయుట మాత్రము మానరాదు. పసిపిల్లల చేతులకు నూలు తొడుగులు వేయవచ్చును.

ఇన్ని చేసినను ఒక్కొక్క రాత్రి మెలకువ వచ్చును. అప్పటికి కావలసినవి ముందే పడకదగ్గర ఉంచుకొనవలెను. ఒక చిన్న గిన్నెలో చల్లని నీరు, ఒక నూలుగుడ్డ, లేపనపు డబ్బా. డబ్బాను సాయంకాలము నీళ్లకుండ ప్రక్కన గాని, ఫ్రిజ్జిలో గాని ఉంచినచో చల్లగా నుండి దురదను త్వరగా తగ్గించును. తడిగుడ్డను పిండి, దురదయున్నచోట 5 మొదలు 10 నిమిషములు వేసియుంచి, పిమ్మట లేపనము పూయవలెను. పెద్ద దీపము వెలిగింపరాదు. నిద్ర పూర్తిగా తేలిపోవును. "గోకకు" అనుటకంటె, "చేయి ఇక్కడ పెట్టి గట్టిగా నొక్కు" అని చెప్పుట మేలు. చేయవద్దన్న చేతికి చేయదగిన పని యొకటి చూపవలెను. పిడికిలి బిగించి అర నిమిషము పట్టియుంచుట, దురదయున్నచోట అరచేతితో అదుముట పగటివేళ అభ్యసించినచో, రాత్రివేళ చేతికి అదే అలవాటగును. వాపు తీవ్రముగా నున్న దినములలో డాక్టర్లు తడి కట్టును సూచింపవచ్చును. మందు పూసిన చర్మముపై తడి నూలుగుడ్డను, దానిపై పొడిగుడ్డను చుట్టుటయే అది. చీము పట్టిన చర్మమునకు ఇది పనికిరాదు గనుక సొంతముగా చేయరాదు.

నిద్ర పట్టించు దురద మందులను గూర్చి ఒక మాట. ఇంటిలో తుమ్ములకు తెచ్చిన సిరపును పిల్లవానికి రాత్రి తాగించుట కొందరి అలవాటు. ఆ మందులు హిస్టమీన్ అను రసాయనమును అడ్డగించును. కాని ఎగ్జిమా దురద ముఖ్యముగా హిస్టమీన్ వలన కలుగునది కాదు. అందుచే ఆ మందు మత్తు కలిగించునే గాని దురదకు మూలమును తాకదు. మరునాడు బడిలో తూగు మిగులును. డాక్టరుగారు కొలది దినములకు ఇచ్చినచో ఇచ్చిన ప్రకారము వాడవలెను, సొంతముగా వాడరాదు.

పథ్యము విషయమునను తొందరపాటు తగదు. దురద యనగానే వంకాయ, గోంగూర, గ్రుడ్డు, చేప, చివరకు పాలు కూడ మాన్పించు ఇండ్లున్నవి. కొందరు పిల్లలకు కొన్ని పదార్థములు సరిపడకపోవుట నిజమే. కాని అది పరీక్షించి తేల్చవలసిన సంగతి. అన్నియు ఒకేసారి మాన్పించినచో దురద తగ్గకపోగా, ఎదుగుదల కుంటుపడును.

కొన్ని గురుతులు కనబడినచో ఆలస్యము చేయరాదు. చర్మమునుండి చీము కారుట, పసుపురంగు పక్కులు కట్టుట, జ్వరము వచ్చుట సూక్ష్మజీవులు చేరినవనుటకు గురుతులు. ఒకే పరిమాణము గల నొప్పి పొక్కులు గుంపులుగా లేచి త్వరత్వరగా వ్యాపించినచో, అది హెర్పిస్ వైరసు సోకుటవలన కావచ్చును. ఆనాడే ఆసుపత్రికి పోవలెను. అన్ని జాగ్రత్తలు తీసికొన్నను నిద్ర పట్టనివారు నిరాశపడనక్కరలేదు. 2000 సంవత్సరమున అమెరికాలో అనుమతి పొందిన టాక్రోలిమస్ మలాము స్టిరాయిడు కాదు; ముఖము వంటి సున్నితమైన చోట్లకు ఉపయోగపడును. 2017లో అక్కడనే అనుమతి పొందిన డుపిలుమాబ్ అను సూదిమందు, వాపును రేపు రెండు రసాయన సంకేతములను అడ్డగించును. ఇవి ఖర్చుతోను, నియమములతోను కూడినవి. చర్మవైద్య నిపుణుల పర్యవేక్షణలో వాడవలసినవి.

ఆ నిపుణునికి ఇంటివారు చేయగల గొప్ప సహాయ మొకటి యున్నది. గోడనున్న క్యాలెండరులో, నిద్ర చెడిన ప్రతి రాత్రికిని ఒక చిన్న గీత గీయవలెను. 2004లో ఇంగ్లండులోని నాటింగ్‌హామ్ వైద్యులు వెలువరించిన ఏడు ప్రశ్నల పట్టికలో, గడచిన వారములో ఎన్ని రాత్రులు నిద్ర చెడినది అనునది ఒక ప్రశ్న. చర్మమును చూచి తెలియని సంగతి ఆ గీతలవలన తెలియును. మందు పనిచేయుచున్నదో లేదో కూడ అవియే చెప్పును. వారమునకు ఐదు గీతలు రెండైనచో, ఆ యింటికి అది చిన్న విజయము కాదు.

చివరగా తల్లులకొక మనవి. రాత్రి మేలుకొను భారమంతయు తల్లిమీదనే పెట్టుట మన యిండ్లలో వాడుక. ఈ వ్యాధి ఒక్క రాత్రిలో పోవునది కాదు. నెలలు, ఒక్కొక్కప్పుడు ఏండ్లు ఓర్పు కావలెను. నిద్రలేని మనిషికి ఓర్పు ఎక్కడినుండి వచ్చును? తండ్రియో, నాయనమ్మయో, అమ్మమ్మయో రాత్రి విడిచి రాత్రి పిల్లవానిప్రక్క పరుండవలెను. సాయంకాలపు స్నానము, పూత, పక్క వేయుట ఇంటిలో తలా ఒక పనిగా పంచుకొనవలెను. అట్లు చేసిననాడు, రేడియో కట్టివేసిన పిమ్మట ఆ యింటిలో గోటి చప్పుడు క్రమముగా తగ్గును. బడిలో ఆ పిల్లవాడు బల్లమీదినుండి తల యెత్తి పాఠము వినును.